కాచుకునే టైము

జువ్వలదిన్నె రేవులో ఐసు ప్లాంటు ఆఫీసుకూ, పడవల సంఘం రేడియో గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడకు ఇవతల ఐసు లెక్కలు చూసుకుంటూ నేనుంటాను. అవతల మైకు ముందు అబిగయీలు ఉంటుంది. ఆమెను చూడనివాళ్లకు కూడా ఆమె గొంతు తెలుసు. సముద్రం మీద ఉన్న ప్రతి పడవలోనూ తెల్లవారగానే మొదట వినిపించేది ఆ గొంతే. తొందర లేదు, విసుగు లేదు, సాగదీయడం లేదు. బస్టాండులో మైకు పట్టుకుని గోలగోలగా అరిచేవాళ్లను చూసినప్పుడల్లా వీళ్లను తీసుకొచ్చి ఆమె ముందు ఓ వారం కూర్చోబెట్టాలని నాకనిపిస్తుంది.

పొద్దున నేను ఫ్లాస్కులో టీ తెచ్చుకుని అవతలి గదికే పోయి తాగుతాను. ఐసు ప్లాంటు మోతలో టీ తాగబుద్ధి కాదు. ఆమెకో గ్లాసు పోస్తాను. "ఉంచన్నా" అంటుంది. అది చల్లారిపోయాక తాగుతుంది. ఈ ఎనిమిది నెలలుగా అంతే. అంతకుముందు వేడి తగ్గిందని నాతో పోట్లాడే మనిషి.

ఆమె సొంతూరు మనుబోలు దగ్గర. ఇంటర్ చదివి, గూడూరులో ఒక బట్టల కొట్లో పనిచేసి, రూఫస్‌ను పెళ్లి చేసుకుని ఈ తీరానికి వచ్చింది. పొలాల ఊరి పిల్ల. వచ్చిన కొత్తలో చేపల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదని అత్తగారు ప్రేమలీలమ్మ ఇప్పటికీ అంటుంది. ప్రేమలీలమ్మ రేవులోనే ఎండుచేపలు అమ్ముతుంది. నోరు పెద్దది. చేయి దానికంటే పెద్దది, అడగనివాళ్లకు కూడా గుప్పెడు ఎక్కువే వేస్తుంది.

సంఘం పాత సెట్లు తీసేసి డిజిటల్ సెట్లు కొన్నప్పుడు కార్యదర్శి నరేంద్రబాబు గారు, చదువుకున్న ఆడమనిషి ఉంటే బాగుంటుందని అబిగయీలును పిలిచి కూర్చోబెట్టారు. చెన్నై నుంచి కంపెనీ మనిషి ఒకాయన వచ్చి రెండు రోజులు పాఠం చెప్పాడు. ఆ పాఠం నేనూ విన్నాను. పదాలు తప్ప విషయం చెప్పకూడదని ఆయన ఎవరికో మాటిచ్చినట్టున్నాడు. టైం స్లాట్ అన్నాడు, టాక్ గ్రూప్ అన్నాడు, రిపీటర్ అన్నాడు. కలర్ కోడ్ తప్పకుండా ఒక్కటే ఉండాలని గట్టిగా చెప్పాడు. మర్నాడు పొద్దున పడవ నడిపే మాల్యాద్రి తన సెట్టుకు పసుపురంగు టేపు చుట్టుకుని వచ్చాడు. వాడిని చూసి ఇంకో నలుగురు చుట్టారు. ఆ కోడ్‌లో రంగేమీ లేదనీ, అదొక నంబరు మాత్రమేననీ, పక్క రేవు టవరు మాటలు మన సెట్లలో దూరకుండా పెట్టిన గుర్తు అనీ అబిగయీలు చెబితేగానీ టేపులు ఊడలేదు. మాల్యాద్రి మాత్రం ఇప్పటికీ ఉంచుకున్నాడు. బాగుందట.

ఆమె చెప్పే తీరే వేరు. రిపీటర్ అంటే పెద్ద టవరు, మీ మాట పట్టుకుని గట్టిగా మళ్లీ పలుకుతుంది అనేది. టైం స్లాట్ అంటే, ఒకే చానల్ మీద మాటను సన్నగా తరిగి, ఒక ముక్క మీది, ఒక ముక్క రేవువాళ్లది, మార్చి మార్చి పంపడం. అంచేత పడవలూ, వేలంపాటవాళ్లూ ఒకేసారి మాట్లాడుకున్నా ఒకరికొకరు అడ్డం రారు. రేడియో చెక్ అంటే, గదిలోని కంప్యూటరు పడవలోని సెట్టును చప్పుడు చేయకుండా 'ఉన్నావా' అని అడగడం. సెట్టు తనంతట తానే 'ఉన్నాను' అంటుంది. మనిషికి తెలియను కూడా తెలియదు.

ఇక హ్యాంగ్ టైం. మాట్లాడినవాడు బటను వదిలాక చానల్ వెంటనే ఇంకొకరి చేతిలో పడదు. జవాబు చెప్పేవాడి కోసం టవరు దాన్ని కొన్ని సెకన్లు అట్టే పట్టి ఉంచుతుంది. గదిలోని బేస్ సెట్టు మీద పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. జవాబు రాకపోతే ఆరిపోతుంది. మా వాళ్లు దాన్ని కాచుకునే టైము అన్నారు. కంపెనీ పెట్టిన పేరు కంటే ఇదే నయం.

పొద్దున హాజరు పిలవడం ఆమె పని. ఒక్కొక్క పేరూ పిలిస్తే ఆ పడవవాడు "ఉండా" అనాలి. వల చేతిలో ఉన్నవాడు బటను నొక్కలేడు కదా. అప్పుడు దగ్గర్లో ఉన్న పడవవాడు వాడి బదులు "కనపడతా ఉండాడు" అంటాడు. ఇది కంపెనీ నేర్పింది కాదు, మా రేవు పద్ధతి. ఒకడి బదులు ఇంకొకడు చెప్పొచ్చు, కానీ కంటితో చూసే చెప్పాలి. చూడకుండా చెప్పినవాడిని రేవంతా వెలివేసినట్టే చూస్తుంది.

ఆ హాజరులో చిక్కొకటి వచ్చింది. సెట్టు తెర మీద పడేది పడవ పేరు కాదు, మనిషి పేరు. రూఫస్ పేరు రాగానే అబిగయీలు "రూఫస్" అని పిలవాలి. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. చర్చికి పోయే ఇళ్లలోనూ అంతే, ఆ పట్టింపుకు మతం లేదు. ఇంట్లో ఆమె అతన్ని "ఇదిగో" అనే పిలిచేది. మైకులో మాత్రం పేరు. మొదటిరోజు ఆమె చెవులు ఎర్రబడటం నేను చూశాను. అవతల రూఫస్ గొంతులో నవ్వు దాచుకుంటూ, "ఉండా మేడం" అన్నాడు. పడవలన్నీ ఒకటే నవ్వు. ఆ సాయంత్రం ప్రేమలీలమ్మ గది వాకిట్లోకి వచ్చి రచ్చ చేసింది.

"మొగుడి పేరు సముద్రమంతా వినబడేటట్టు పిలస్తావామే? ఆయుష్షు తగ్గుతుందని తెలీదా నీకు?"

"డ్యూటీ అత్తా" అంది అబిగయీలు.

"డ్యూటీనో గీటీనో. నా కొడుకు పేరు నువ్వు పలకబాక."

నరేంద్రబాబు గారు నచ్చజెప్పారు. నంబర్లతో పిలిచి చూశారు. ఎవడి నంబరు వాడికే గుర్తుండక రెండో రోజే మళ్లీ పేర్లలోకి వచ్చారు. అలా ఆమె మొగుడి పేరు పలికే చోటు లోకంలో ఆ ఒక్క మైకే అయింది. ఆమెకు అది ఇష్టంగానే ఉండేదని నా అనుమానం. అందరి పేర్లూ ఒకేలా పిలిచేది, ఆ ఒక్క పేరు దగ్గర మాత్రం గొంతు కొంచెం జాగ్రత్తగా ఉండేది.

ఎనిమిది నెలల కిందట ఒకనాడు, తోడుగా రావలసినవాడికి జ్వరం వచ్చి, రూఫస్ ఒక్కడే చిన్న ఫైబరు పడవ వేసుకుని వల ఎత్తడానికి పోయాడు. మధ్యాహ్నం దాటాక బేస్‌కు మాట్లాడాడు. నేను గోడ ఇవతల విన్నాను. "వల ఎత్తేసినా. గాలి కొంచెం పెరిగింది. వస్తా ఉండా. ఓవర్." పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా ఉంది. "సరే, రండి. ఓవర్" అంది ఆమె. అంతే. అతను రాలేదు. రెండు రోజుల తర్వాత పడవ బోర్లాపడి దొరికింది. అతను దొరకలేదు.

పాత సెట్ల కాలంలో మనిషి దూరమయ్యేకొద్దీ గొంతులో గరగర పెరిగేది. మాట సన్నబడేది, సగం వినబడకుండా పోయేది. వినేవాడికి తెలిసిపోయేది, వీడు దూరం పోతున్నాడు, ఇప్పుడే చెప్పాల్సింది చెప్పాలని. డిజిటల్‌లో ఆ అవస్థ లేదు. అందినంతసేపూ అద్దంలా వినబడుతుంది. అందకపోతే ఏమీ ఉండదు. కంపెనీ మనిషి దాన్ని గొప్పగానే చెప్పుకున్నాడు. నాకు ఆ గొప్ప మీద ఇప్పటికీ మంటే.

పరామర్శకు వచ్చినవాళ్లందరూ ఆమెను అడిగింది ఒకటే, గొంతు ఎట్టుందని. "బాగానే ఉందన్నా, స్పష్టంగా ఉంది" అని అందరికీ అదే చెప్పింది. ఏడవలేదు. పడవలు వెతుకుతున్నన్నాళ్లూ గది వదల్లేదు. గంటగంటకూ రేడియో చెక్ నొక్కేది. తెర మీద జవాబు లేదని పడేది. మళ్లీ నొక్కేది. ప్రేమలీలమ్మ ఒక మధ్యాహ్నం గది వాకిట్లో నిలబడి, "రోజూ పేరు పెట్టి పిలిచినావు గదమ్మా" అంది. గట్టిగా కూడా అనలేదు. అబిగయీలు తల తిప్పలేదు. నాకు మాత్రం ఆ ముసలామె మీద కోపం ముంచుకొచ్చింది. కానీ కొడుకు పోయిన మనిషితో ఏం పోట్లాడతాం?

వెతకడం ఆగింది. ఆమె పది రోజులకు డ్యూటీకి వచ్చింది. మొదటి పొద్దునే హాజరులో, మాల్యాద్రి తర్వాత, మామూలుగానే "రూఫస్" అని పిలిచింది.

నా చేతిలో టీ గ్లాసు అట్టే ఉండిపోయింది. పచ్చ లైటు వెలుగుతోంది. సముద్రం మీద ఒక్కరూ బటను నొక్కలేదు. లైటు ఆరింది. ఆమె తర్వాతి పేరు పిలిచింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. రూఫస్ పడవకు ఎప్పుడూ దగ్గరగా ఉండేది మాల్యాద్రే కాబట్టి, బదులు చెప్పాల్సివస్తే వాడే చెప్పాలి. కనపడుతున్నాడని చెప్పలేడు. కనపడడం లేదని చెప్పడానికి నోరు రాదు. ఆ కాసేపూ సెట్టు ఒళ్లో పెట్టుకుని తల వంచుకుంటానని నాతో అన్నాడు. చుట్ట లేకుండా గంటసేపు ఉండలేని మనిషి, హాజరు అయ్యేదాకా అది వెలిగించడు.

ఒకసారి అడిగాను ఆమెను. "ఎందుకమ్మా ఇట్ట?"

"పేరు ఉంది గదన్నా తెరమీద. ఉన్నంతవరకు పిలవాల."

"నీకు కష్టంగా లేదా?"

ఆలోచించి చెప్పింది. "నాకేం అనిపించడంలేదన్నా. ఆకలీ తెలవదు, నిద్రా తెలవదు. ఆ లైటు వెలిగినంతసేపు మాత్రం కొంచెం తెలస్తది."

చర్చిలో స్మారక కూడిక పెడదామని పాస్టరు గారు రెండుసార్లు ఇంటికి వెళ్లారు. ఆమె వద్దనలేదు, సరే అనలేదు. పాస్టరు గారు టీ తాగి వచ్చేశారు. అత్తా కోడలూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే కుండలో తిన్నారు. మాటలు మాత్రం అవసరానికే. సెట్లు బాగుచేసే మనిషి నెల్లూరు నుంచి వచ్చినప్పుడు కాచుకునే టైమును కొంచెం పెంచమని అబిగయీలు అడిగింది. ఎందుకని అతను అడగలేదు. ఆ పచ్చ లైటు మరికాస్త ఎక్కువసేపు వెలగడం మొదలుపెట్టింది.

ఇది ఇలాగే సాగిపోయేదేమో. అంతలో పెంచలకృష్ణ అనే కుర్రాడు కొత్త పడవ కొన్నాడు. సర్కారు సంఘానికి ఇచ్చిన అనుమతిలో ఇన్ని సెట్లని ఒక హద్దుంది. అన్ని నంబర్లూ అయిపోయాయి. మునిగిపోయిన రూఫస్ సెట్టును జాబితాలోంచి తీసేస్తే ఆ చోటు పెంచలకృష్ణకు వస్తుంది. తీసేయాల్సింది అబిగయీలే. నరేంద్రబాబు గారు గదికి వచ్చి, కుర్చీలో కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడి, చివరికి లేచేటప్పుడు చెప్పారు.

"చూడమ్మా, తొందరేం లేదు. నీకు వీలైనప్పుడు."

"సరే సార్" అంది. తీయలేదు.

పెంచలకృష్ణ కూడా అడగలేదు. పాతికేళ్లు దాటాయో లేదో, మెత్తటివాడు. రూఫస్ దగ్గరే వల వేయడం నేర్చుకున్నాడు. సెట్టు లేకుండానే సముద్రం మీదికి పోవడం మొదలుపెట్టాడు. ఎవరైనా అంటే, "మా తాతలకు సెట్లు ఉండినాయా" అని నవ్వేవాడు. వాడి తాతలు ఎంతమంది తిరిగి రాలేదో వాడికి తెలియక కాదు.

ఒకరోజు పొద్దెక్కాక గాలి తిరిగింది. ఆమె ఆల్ కాల్ నొక్కి, అంటే అన్ని సెట్లకూ ఒకేసారి వినబడేలా, వెనక్కి వచ్చేయమని చెప్పింది. పడవలన్నీ వచ్చాయి, పెంచలకృష్ణది తప్ప. వాడికి చెప్పడానికి దారే లేదు. వాడి భార్య వెన్నెల వచ్చి రేడియో గది మెట్ల మీద కూర్చుంది. కడుపుతో ఉంది. ఏమీ అడగలేదు. లోపల మైకు ఉంది, బయట ఆమె ఉంది, మధ్యలో తలుపు తెరిచే ఉంది. అబిగయీలు ఒకసారి ఆమె వైపు చూసి మళ్లీ తెర వైపు తిరిగింది. నాకు ఆ రోజు ఇద్దరి మీదా జాలీ వేసింది, ఇద్దరి మీదా చిరాకూ వేసింది.

ప్రేమలీలమ్మ ఎండుచేపల గంప దించి మెట్ల దగ్గరికి వచ్చింది. "ఎందుకు కూర్చున్నావమ్మా ఎండలో?"

"ఆయన రాలా పెద్దమ్మా."

"సెట్టులో అడిగించలేకపోయినావా?"

వెన్నెల నా వైపు చూసింది. పక్కనున్న నేనే చెప్పాల్సివచ్చింది. సెట్టు ఎందుకు లేదో, చోటు ఎవరి పేరు మీద ఆగి ఉందో చెప్పాను. ముసలామె విని, కొంగు భుజం మీదికి లాక్కుని, వెన్నెల పక్కన కూర్చుంది. సాయంత్రందాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. పెంచలకృష్ణ చీకటిపడే వేళకు వచ్చాడు, ఒళ్లంతా తడిసి, ఇంజను ఆగిపోయిందని చెప్పి, ఏమీ జరగనట్టు నవ్వబోయాడు. వెన్నెల వాడిని చెంప మీద ఒక్కటి కొట్టింది.

మర్నాడు పొద్దున నేను ఫ్లాస్కుతో పోయేసరికి ప్రేమలీలమ్మ గదిలో ఉంది. ఎప్పుడూ లోపలికి రానిది, కోడలి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. నేను మూడు గ్లాసులు పోశాను.

హాజరు మొదలైంది. పేర్లు, జవాబులు. మాల్యాద్రి "ఉండా" అన్నాడు. తర్వాత అబిగయీలు "రూఫస్" అంది.

పచ్చ లైటు వెలిగింది. ప్రేమలీలమ్మ కోడలి చేతిలోని మైకు కోసం చేయి చాపింది. అబిగయీలు ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఇచ్చింది. బటను ఎక్కడ నొక్కాలో వేలు పట్టుకుని చూపించింది.

"అబ్బయ్యలూ, నేను వాళ్లమ్మను మాట్లాడతా ఉండా" అంది ముసలామె. "నేను చూసే చెప్తా ఉండా. ఇంట్లో చూసినా, రేవులో చూసినా, ఒడ్డెంబడి నడిచి చూసినా. నా కొడుకు కనపడలా. నా కొడుకు లేడు. ఇంక వాడి కోసరం ఎవురూ ఆగబాకండి."

బటను ఎలా వదలాలో ఆమెకు తెలియలేదు. అబిగయీలు ఆమె వేలు పట్టుకుని పక్కకు తీసింది. టవరు చానల్‌ను మళ్లీ పట్టి ఉంచింది. చాలాసేపటికి, లైటు ఆరబోయేముందు, మాల్యాద్రి గొంతు వచ్చింది.

"విన్నాం పెద్దమ్మా."

అబిగయీలు మైకు తీసుకుని తర్వాతి పేరు పిలిచింది. గొంతు మారలేదు. చివరి పేరుదాకా పిలిచి, అందరూ ఉన్నారని రాసుకుని, కంప్యూటరు ముందుకు జరిగింది. రూఫస్ పేరు మీద గుర్తు పెట్టి, తీసేయమని నొక్కింది. నిజంగానే తీసేయాలా అని అది అడిగింది. ఆ యంత్రాలకు బుద్ధి లేదు, ప్రతిదానికీ రెండుసార్లు అడుగుతాయి. ఆమె అవునని నొక్కింది. ఆ చోటులో పెంచలకృష్ణ అని టైపు చేసింది. ఒక అక్షరం తప్పు పడితే దిద్దింది కూడా.

అంతా అయ్యాక చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అప్పటిదాకా ఆమెకు ఏమీ అనిపించలేదని నేను నమ్ముతాను. ముఖం అలాగే ఉంది.

"అత్తా" అంది. "నేనింక ఆయన పేరు యాడ పలకాల?"

ప్రేమలీలమ్మ చల్లారిన టీ గ్లాసును ఇటూ అటూ జరిపింది. ఎనిమిది నెలల కిందట వాకిట్లో నిలబడి తానన్న మాట ఆమెకు గుర్తొచ్చి ఉండాలి. నాకు మాత్రం గుర్తొచ్చింది.

"ఇంట్లో పలుకు" అంది చివరికి. "నా ఎదురుగానే పలుకు. నేను పెట్టిన పేరే గదమ్మా. నువ్వు పలికినందుకు పోలేదు నా కొడుకు. ఆ పొద్దు నేను కడుపుమంటతో అన్నా."

అబిగయీలు నోరు తెరిచింది. రోజూ అంత సులువుగా పలికిన పేరు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. మూడోసారికి "రూఫస్" అంది, మైకులో కాదు, అత్తగారి ముఖంలోకి చూస్తూ. అని, ఆ ముసలామె ఒడిలో తల పెట్టి, పెద్దగా ఏడ్చింది. ప్రేమలీలమ్మ కోడలి వీపు మీద చేయి వేసి తనూ ఏడ్చింది.

నేను తలుపు దగ్గరగా వేసి ఐసు ప్లాంటుకు వచ్చేశాను.